ఆట రోజు వేరు, విందు రోజు వేరు

ప్రశ్న: మాఘమాసంలో మా పెళ్ళయింది. నాకు 27 ఏళ్ళు, మావారికి 30. మాది విజయవాడ, వాళ్ళది తణుకు. ఇద్దరం ఉద్యోగాలు చేసుకుంటూ హైదరాబాద్ మియాపూర్‌లో అద్దెకుంటున్నాం. నాకు చిన్నప్పటి నుంచి షటిల్ ఇష్టం, కాలేజీ టీములో ఆడాను. ఆయనకి క్రికెట్ తప్ప తెలియదు, నా కోసం బ్యాట్ పట్టుకున్నారు. జాగింగ్ కోసం కొన్న షూలతోనే ఆడుతున్నారు. ఇద్దరికీ బయట తినడమంటే మహా సరదా. వారంలో నాలుగు రోజులు రాత్రి ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా ఆడి, అటు నుంచి అటే ఏదో ఒక హోటల్‌కి వెళ్ళిపోతాం. ఇంటికి చేరేసరికి పదిన్నర, పడుకునేసరికి పదకొండు. ఐదు నెలల్లో నేను నాలుగు కిలోలు, ఆయన ఆరు కిలోలు పెరిగాం. ఆయనకి రాత్రిళ్ళు గుండెల్లో మంట. మూడు వారాల క్రితం ఆడుతుండగా కాలు మెలికపడింది. నడుస్తున్నారు గానీ మెట్లు దిగితే చీలమండ నొప్పంటున్నారు. అయినా ఈ ఆదివారం నుంచి ఆడతానని పట్టుబట్టారు. పోయిన నెల ఆట తర్వాతి భోజనాలకి పూటకి 700, శనివారాలకి 1,500 చొప్పున, ఇంటికి తెప్పించుకున్న ఆర్డర్లకి మూడు వేలు, అంతా కలిపి దాదాపు 21 వేలయింది. కోర్టుకి గంటకి 400 వేరే. "అసలు ఇంట్లో పొయ్యి వెలిగిస్తున్నారా?" అని అత్తగారు ఫోన్‌లో అడుగుతున్నారు. ఆట, హోటళ్ళు, రెండిట్లో ఏదో ఒకటి మానేయాలా?

సమాధానం: ఏదీ మానక్కర్లేదు. ఆట ముగిసిన వెంటనే, నకనకలాడే ఆకలితో, రాత్రి తొమ్మిదింటికి హోటల్లో కూర్చోవడం దగ్గరే మీ ఇబ్బందులన్నీ మొదలవుతున్నాయి. బరువు, మంట, ఖర్చు మూడూ ఆ ఒక్క గంటలోనే ఉన్నాయి. కాలి నొప్పి సంగతి వేరు. ఆదివారం దగ్గర్లోనే ఉంది కాబట్టి ముందు అది చూద్దాం.

మెలికపడిన రోజు మీవారు నాలుగడుగులు కూడా వేయలేకపోయి ఉంటే, లేదా చీలమండకి రెండు పక్కలా ఉండే గుబ్బ ఎముకల వెనక అంచున వేలితో నొక్కితే ఇప్పటికీ కలుక్కుమంటుంటే, ఇంకేమీ ఆలోచించకుండా ఎముకల డాక్టరుకి చూపించి ఎక్స్‌రే తీయించండి. ఈ రెండూ లేవంటే అది చాలావరకు బయటివైపు లిగమెంట్ (ఎముకల్ని కలిపి పట్టి ఉంచే పట్టీ) సాగడం. వాపు రెండు వారాల్లో తగ్గిపోతుంది. లిగమెంట్ పట్టు, కాలికి ఉండే బ్యాలెన్స్ మాత్రం అంత త్వరగా తిరిగి రావు. నొప్పి తగ్గింది కదా అని కోర్టులోకి దిగినవాళ్ళకి అదే కాలు మళ్ళీ మెలికపడేది ఇందుకే.

కాబట్టి రోజూ ఇరవై నిమిషాలు ఇంట్లోనే ఇవి చేయించండి. కుర్చీలో కూర్చుని, కాలు చాపి, బొటనవేలితో గాలిలో అ నుంచి అః దాకా అచ్చులు రాయాలి. ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి. నొప్పి ఉన్న కాలి మీద ఒంటికాలితో 30 సెకన్లు నిలబడాలి, మూడుసార్లు. పళ్ళు తోముకునేటప్పుడు చేస్తే విడిగా టైము కేటాయించక్కర్లేదు. అది తేలికైతే కళ్ళు మూసుకుని నిలబడాలి, ఈసారి గోడ పక్కనే. తర్వాత గోడ పట్టుకుని రెండు మడమలూ ఎత్తి దించడం, 15 చొప్పున రెండు విడతలు. వారం పోయాక అదే ఒంటికాలితో. కిందికి దించేటప్పుడు మూడు అంకెలు లెక్కపెట్టేంత నిదానంగా దించాలి, పిక్కకి, మడమ నరానికి (పిక్కని మడమకి కలిపే అకిలిస్ టెండన్) బలం వచ్చేది ఆ దించడంలోనే. మెట్లు నొప్పి లేకుండా దిగగలిగి, ఆ కాలి మీదే పదిసార్లు గెంతినా నొప్పి రాకపోతే కోర్టుకి రావొచ్చు. ఆ స్థితికి రావడానికి మెలికపడిన రోజు నుంచి ఆరు వారాల దాకా పట్టినా కంగారు పడొద్దు. ఎంత చేసినా తగ్గకపోతే ఫిజియోథెరపిస్టుకి ఒకసారి చూపించండి. తిరిగి ఆడే మొదటి వారం 20 నిమిషాలు చాలు, లేసులతో బిగించే యాంకిల్ సపోర్ట్ వేసుకుని ఆడితే మంచిది. మామూలు క్రేప్ బ్యాండేజ్ వాపుకి పనికొస్తుంది గానీ, పాదం పక్కకి ఒరగకుండా ఆపలేదు.

ఇంకెప్పుడైనా మెలికపడితే మొదటి రెండు మూడు రోజులు బామ్ పెట్టి రుద్దడం, వేడి కాపడం, నూనె మర్దన వద్దు. మన ఇళ్ళలో ముందు చేసేవి అవే, వాపు పెంచేవీ అవే. గుడ్డలో చుట్టిన ఐసు 15 నిమిషాలు, రోజుకి నాలుగైదుసార్లు పెట్టాలి. పడుకున్నప్పుడు కాలు గుండె కంటే ఎత్తులో ఉండేలా కింద రెండు దిండ్లు పెట్టాలి.

కాలు మెలికపడటానికి ఆ జాగింగ్ షూలే కారణం కావడానికి చాలా అవకాశం ఉంది. వాటికి మడమ కింద స్పాంజి మందంగా, ఎత్తుగా ఉంటుంది. తిన్నగా ముందుకి పరిగెత్తడానికి చేసిన షూ అది. షటిల్లో సగం అడుగులు పక్కలకి పడతాయి. ఎత్తైన మెత్తటి మడమ మీద పక్కకి ఆగబోతే పాదం బయటివైపు ఒరిగిపోతుంది. షటిల్ షూకి మడమ నేలకి దగ్గరగా ఉంటుంది, ముందుభాగం వెడల్పు, అడుగు గమ్ రబ్బరు. షాపులో నాన్ మార్కింగ్ అని అడగండి, రెండు నుంచి నాలుగు వేల మధ్యలో మంచివే దొరుకుతాయి. సాయంత్రం పూట, ఆటకి వేసుకునే మందపాటి సాక్సులతో వెళ్ళి కొనండి. రోజంతా నడిచాక పాదం కాస్త ఉబ్బుతుంది, పొద్దున సరిపోయిన షూ ఆటలో పట్టేస్తుంది. బొటనవేలి ముందు అర అంగుళం ఖాళీ ఉండాలి. ఆ షూలు వేసుకుని రోడ్డు మీద, బైకు మీద తిరగొద్దు. అడుగుకి దుమ్ము పట్టిందంటే సింథటిక్ మ్యాట్ మీద జారుడే. కోర్టు దగ్గరే మార్చుకుని, ఆటకి ముందు తడిగుడ్డతో అడుగు తుడవాలి. నెల ఖర్చులో ఇంకేది తగ్గించినా ఇది మాత్రం తగ్గించకండి.

షూ తర్వాత వార్మప్. తొమ్మిది గంటలు కుర్చీలో కూర్చుని, ట్రాఫిక్‌లో ఇంకో గంట కూర్చుని, దిగీ దిగగానే స్మాష్ కొడితే పిక్కలు, మడమ నరం ఆ కుదుపుని తట్టుకోలేవు. వెనక నుంచి ఎవరో తన్నినట్టు 'టప్'మని తెగేది ఆ నరమే. ఆ దెబ్బ తగిలితే నెలల తరబడి కూర్చోవాలి. తాడాట రెండు నిమిషాలు, కాళ్ళు ముందుకీ వెనక్కీ ఊపడం పదేసి, ముందుకి అడుగేసి మోకాలు వంచి లేవడం కాలికి పది, చేతులు గుండ్రంగా తిప్పడం, కాక్ లేకుండా కోర్టులో ముందు, మధ్య, వెనక రెండేసి చొప్పున ఆరు మూలలకీ వెళ్ళిరావడం రెండు నిమిషాలు. అంతా కలిపి ఎనిమిది నిమిషాలు. బుక్ చేసుకున్న గంటలో ఇది పోకుండా, ముందే వెళ్ళి కోర్టు బయట చేసుకోండి.

బ్యాట్ గురించి ఒక్క మాట. మీ పాత బ్యాట్ ఏదైనా ఆయనకి ఇచ్చి ఉంటే, గట్టింగ్ (తీగల బిగింపు) ఎన్ని పౌండ్లు వేయించారో గుర్తు చేసుకోండి. కాలేజీ టీములో ఆడినవాళ్ళు 25, 26 వేయిస్తారు. అంత బిగువు మీద కాక్ సరిగ్గా మధ్యలో తగలకపోతే దెబ్బంతా మోచేతికి వస్తుంది. కొత్తవాళ్ళకి 20 నుంచి 22 చాలు, కాక్ దానంతటదే ఎగిరి వెళుతుంది. బరువు 4యూ రకం, అంటే 80 నుంచి 85 గ్రాముల లోపు, చేతికి తేలిక. ఈకల కాక్‌లతో ఆయనకి ఇప్పుడే నేర్పించొద్దు. కొత్తవాళ్ళ దెబ్బలు ఎక్కువగా ఈకల మీద పడతాయి, గంటలో రెండు మూడు విరిగిపోతాయి, డబ్బు దండగ. నైలాన్ కాక్ తీసుకోండి, టోపీ మీది గీత రంగు చూసి. ఆకుపచ్చ నిదానం, నీలం మధ్యస్థం, ఎరుపు వేగం. హైదరాబాద్ సముద్రమట్టానికి అయిదు వందల మీటర్లకి పైగా ఎత్తులో ఉంది, గాలి కాస్త పలచన, అందువల్ల విజయవాడలో కంటే ఇక్కడ అదే కాక్ కొంచెం దూరం వెళుతుంది. వేసవిలో ఇంకా దూరం. బేస్‌లైన్ దాటి పోతున్నాయని కొట్టే తీరు మార్చుకునే ముందు కాక్ రంగు మార్చి చూడండి.

ఇక తిండి. మీ ఇద్దరూ చేస్తున్న పొరపాటు చాలామంది ఆటగాళ్ళు చేసేదే: "గంట ఆడాం కదా, ఏం తిన్నా అరిగిపోతుంది." 60, 65 కిలోల మనిషి సరదాగా షటిల్ గంట ఆడితే ఖర్చయ్యేది 350 కేలరీల చుట్టుపక్కల. హైదరాబాద్ హోటళ్ళలో సింగిల్ అని ఇచ్చే బిర్యానీ చాలాచోట్ల అర కిలో పైనే ఉంటుంది, అదొక్కటే వెయ్యి దాకా వెళుతుంది. దాని ముందు ఒక చికెన్ 65, వెనక ఒక డబుల్ కా మీఠా వచ్చాయంటే ఆట లెక్కలోకే రాదు. వారానికి నాలుగుసార్లు ఇలా జరిగితే అయిదు నెలల్లో నాలుగు కిలోలు, ఆరు కిలోలు పెరగడంలో వింతేమీ లేదు. పెళ్ళి భోజనాలు, బంధువుల ఇళ్ళ విందులు కూడా కొంత కలిసి ఉంటాయి. కిలోలతో పాటు నడుము కొలత కూడా రాసుకోండి. బొడ్డు దగ్గర టేపు పెట్టి చూస్తే మనవాళ్ళలో ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు, మగవాళ్ళకి 90 దాటకూడదు. ఆడేవాళ్ళకి కండ పెరిగి బరువు కదలకపోవచ్చు, నడుము కొలత మాత్రం మోసం చేయదు.

గుండెల్లో మంటకి కారణం ఇంకా సూటిగా ఉంది. నూనె, నెయ్యి ఎక్కువైన తిండి కడుపులోంచి నిదానంగా కదులుతుంది. తొమ్మిదిన్నరకి బిర్యానీ తిని పదకొండుకి పడుకుంటే, నిండిన కడుపులోంచి ఆమ్లం పైకి తన్నుతుంది. భోజనానికీ పడకకీ మధ్య కనీసం రెండు గంటలు, వీలైతే మూడు గంటల ఎడం ఉండాలి. ఎడమవైపు తిరిగి పడుకుంటే కొంత నయం. రెండు మూడు వారాలు ఈ ఎడం పాటించినా మంట తగ్గకపోతే, లేదా మింగడం కష్టమైతే, విరేచనం నల్లగా వస్తుంటే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. మెడికల్ షాపులో అడిగి నెలల తరబడి గ్యాస్ మాత్రలు వేసుకుంటూ పోవద్దు.

ఏం చేయాలంటే, ఆడే రోజు హోటల్‌కి వెళ్ళొద్దు, హోటల్ రోజు ఆడొద్దు. దీనికి ఒక్క మినహాయింపు ఉంది, కాసేపట్లో చెబుతాం.

ఆడే రోజు మధ్యాహ్నం కడుపు నిండా తినండి. సాయంత్రం ఆరున్నరకి, ఆటకి గంట ముందు, ఒక అరటిపండో రెండు ఇడ్లీలో, ఇంకో పూట గుప్పెడు వేయించిన సెనగలో. ఇది తప్పించొద్దు. ఖాళీ కడుపుతో ఆడితే ఎనిమిదిన్నరకి వచ్చే ఆకలి మనిషిని తిన్నగా ఆలోచించనివ్వదు, హోటల్ దారి పట్టించేది ఆ ఆకలే. సమోసా, పునుగులు మాత్రం ఆ వేళకి వద్దు, ఆటలో పొట్ట బరువెక్కుతుంది. ఆడేటప్పుడు పావుగంటకోసారి నాలుగైదు గుక్కల నీళ్ళు. ఆట కాగానే ఉప్పు వేసిన పలచటి మజ్జిగ ఇద్దరికీ ఒక్కో గ్లాసు. ఇంటి నుంచి సీసాలో తెచ్చుకోండి. చెమటలో పోయిన ఉప్పు, నీళ్ళు తిరిగి వస్తాయి, ఆకలి మంట కూడా సగం చల్లారుతుంది. ఇంటికొచ్చి స్నానం చేసి వండుకునే ఓపిక వచ్చేది దాంతోనే.

వంట అంటే గంటసేపు పొయ్యి దగ్గర నిలబడేది కాదు, తొమ్మిదిన్నర లోపు తినేసి, పదకొండున్నరకి పడుకునేలా ఉండాలి. మూడు దారులు చెబుతాం, మూడూ పావుగంట పనులే. మొదటిది పెసరట్టు. ఆఫీసుకి బయల్దేరే ముందు ఒక గ్లాసు పెసలు, రెండు చెంచాల బియ్యం కడిగి నానబెట్టండి. గిన్నె ఫ్రిజ్‌లో పెట్టి వెళ్ళాలి, ఎండాకాలం బయట పది గంటలు ఉంచితే నీళ్ళు నురగెక్కి వాసన వస్తాయి. రాత్రి నాలుగు పచ్చిమిరపకాయలు, అంగుళం అల్లం ముక్క, ఉప్పు వేసి మిక్సీలో తిప్పితే ఏడెనిమిది అట్లు వస్తాయి, ఇద్దరికి సరిపడా. పిండి మరీ మెత్తగా అయితే అట్టు సాగుతుంది, కాస్త బరకగా ఆపితే కరకరలాడుతుంది. ఆడినవాళ్ళ కండరాలకి కావలసిన ప్రొటీను అందులో ఉంది. రెండోది టమాటా పప్పు. పొద్దున్నే కుక్కర్లో అర గ్లాసు కందిపప్పు, రెండు టమాటాలు ఉడికించి చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టేయండి. రాత్రి బాగా మరిగించి పోపు పెట్టడమే, ఆ లోపు పక్క పొయ్యి మీద అన్నం అయిపోతుంది. మూడోది నాలుగు గుడ్ల పొరటు, పుల్కాలు, పెరుగు. పుల్కాలు ఎవరో ఒకరు వత్తుతుంటే ఇంకొకరు కాల్చాలి. మీరొక్కరే చేయాలని ఎక్కడా రాసి లేదు, ఆటకి ఇద్దరూ వెళ్ళినప్పుడు వంటకీ ఇద్దరూ.

ఇప్పుడు ఆ మినహాయింపు. వారంలో ఒక ఆటని రాత్రి నుంచి ఆదివారం పొద్దునకి మార్చండి. ఆరు నుంచి ఏడున్నర దాకా ఆడి, అక్కడి నుంచి టిఫిన్‌కి వెళ్ళండి. వేడి ఇడ్లీలు, ఒక పెసరట్టు ఉప్మా చెరి సగం, చివర్లో ఫిల్టర్ కాఫీ. ఇద్దరికీ మూడు వందల్లో అయిపోతుంది. రోజంతా ముందుంది కాబట్టి తిన్నది పడక మీదికి రాదు, మంటా ఉండదు. ఆడి, చెమటలు ఆరుతుండగా, ట్రాఫిక్ లేని రోడ్ల మీద టిఫిన్ వెతుక్కుంటూ వెళ్ళడం మీ రెండు సరదాలకీ సరిగ్గా సరిపోయే ఏర్పాటు. నెలకోసారి కాస్త ముందే బయల్దేరి చార్మినార్ దాకా వెళ్ళండి. అక్కడి నిమ్రా కేఫ్‌లో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు ఆ వేళకి వేడివేడిగా ఉంటాయి, చార్మినార్ ముందు జనమూ పలచగా ఉంటారు.

పెద్ద విందు శనివారం మధ్యాహ్నం పెట్టుకోండి. శనివారం రాత్రి కడుపు నిండా తిని ఆదివారం ఆరింటికి బ్యాట్ పట్టుకుంటే ఒళ్ళు లేవదు. మధ్యాహ్నమైతే రద్దీ తక్కువ, చాలాచోట్ల థాలీలు, ఫుల్ మీల్స్ ఉంటాయి, రాత్రికి పెరుగన్నంతో సరిపెట్టుకోవచ్చు. ఎక్కడికి వెళ్ళాలో ఒక వారం మీరు, ఒక వారం ఆయన నిర్ణయించండి. అవతలివాళ్ళు ఆ వారం మారు మాట్లాడకూడదు. ఆర్డరిచ్చేటప్పుడు అంతా ఒకేసారి చెప్పొద్దు. ఒక స్టార్టరు, ఒక ముఖ్యమైన వంటకం చెప్పి, సింగిల్ బిర్యానీ ఇద్దరికి వస్తుందా అని వడ్డించే అతన్నే అడగండి, చాలామంది నిజమే చెబుతారు. తిన్నాక ఇంకా కావాలనిపిస్తే రెండోసారి చెప్పొచ్చు. మిగిలింది పారేయకుండా కట్టించుకోండి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేర్చండి. మయోనీజ్ విషయంలో జాగ్రత్త. పచ్చి గుడ్డుతో చేసినది ఎండలో ఉంటే విషమే. 2024 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం దాన్ని ఏడాదిపాటు నిషేధించింది కూడా. గుడ్డు లేనిదేనా అని అడిగి తినండి.

బిల్లు వచ్చాక ఒక నిమిషం చూడండి. మామూలు రెస్టారెంట్లలో జీఎస్టీ 5 శాతం, రెండున్నర చొప్పున రెండు వరుసల్లో కనిపిస్తుంది. ఖరీదైన గదులుండే స్టార్ హోటళ్ళ లోపలి రెస్టారెంట్లలో 18 శాతం దాకా ఉంటుంది. సర్వీస్ ఛార్జీ అని ఇంకో వరుస ఉంటే అది పన్ను కాదు. దాన్ని అడక్కుండా బిల్లులో కలపకూడదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలిచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తీసేయమని మర్యాదగా అడగండి. ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. వడ్డించిన అతను బాగా చూసుకుంటే టిప్ విడిగా అతని చేతికే ఇవ్వండి.

డబ్బు లెక్క ఇలా తేలుతుంది. నెలకి 17 రాత్రులు, 700 చొప్పున, దాదాపు 12 వేలు ఆట తర్వాతి భోజనాలకే పోతున్నాయి. ఇందులో ఎన్ని భోజనాలు మీ ఇద్దరికీ గుర్తున్నాయో ఆలోచించండి. ఆకలికి తిన్నవే తప్ప, ఇష్టపడి వెళ్ళినవి అందులో ఎన్నో ఉండవు. అవి పోతే శనివారాలకి ఆరు వేలు, ఆదివారం టిఫిన్లకి 1,200, నెలకి రెండు ఆర్డర్లకి వెయ్యి, కలిపి 8,200. ఇంట్లో సరుకులకి పదిహేను వందలు పెరిగినా నెలకి 11 వేలు మిగులుతాయి. కోర్టు మీరిద్దరే బుక్ చేసుకుంటున్నారు కాబట్టి 400 మీదే పడుతోంది. ఇంకో జంటని కలుపుకుంటే సగమవుతుంది, పైగా డబుల్స్ ఆడొచ్చు. మీవారి కాలికి, ఊపిరికి ఇప్పుడు కావలసిందీ డబుల్సే. సింగిల్స్‌లో 13.4 మీటర్ల కోర్టులో తన సగమంతా ఒక్కరే కాయాలి, ఆరు కిలోలు పెరిగిన కొత్త ఆటగాడికి అది చాలా ఎక్కువ.

డబుల్స్ అనగానే భార్యాభర్తల మధ్య ఇంకో గొడవ మొదలవుతుంది. మీరు ఉత్తరంలో రాయలేదు గానీ, కాలేజీ టీములో ఆడిన భార్య, కొత్తగా నేర్చుకుంటున్న భర్త ఒకే వైపు నిలబడితే ప్రతి తప్పుడు షాట్ తర్వాత ఒక చూపు, ఒక సలహా వస్తాయి. కోర్టులో సలహాలు వద్దు. ఏదైనా చెప్పాలనుకుంటే వారానికి ఒకటే చెప్పండి, అదీ ఆట అయ్యాక. మొదటి నెలంతా బ్యాక్‌హ్యాండ్‌తో నెట్‌కి ఆనీ ఆనకుండా వేసే చిన్న సర్వీసు నేర్పితే చాలు, కొత్తవాళ్ళు పాయింట్లు పోగొట్టుకునేది అక్కడే. ఇద్దరి మధ్యలో పడే కాక్ ఎవరిదో ఆటకి ముందే మాట్లాడుకోండి. పక్కపక్కన నిలబడి కాచుకుంటున్నప్పుడు ఎవరికి ఫోర్‌హ్యాండ్ వైపు వస్తే వాళ్ళది, తీసేవాళ్ళు "నాది" అని గట్టిగా అనాలి. బ్యాట్లు ఢీకొనవు, మాటలూ ఢీకొనవు. దాడిలో ఉన్నప్పుడు ఒకరు ముందు, ఒకరు వెనక. మిక్స్‌డ్‌లో ఆడవాళ్ళు నెట్ దగ్గరే ఉండాలన్నది నియమమేమీ కాదు. మీ ఇద్దరిలో వెనక నుంచి ఆడగలిగేది మీరు, అక్కడ మీరే నిలబడండి.

నాలుగు ఆటల్లో ఒకటి మాత్రం మీ కోసం, మీ స్థాయివాళ్ళతో పెట్టుకోండి. మంగళ, గురువారాలు ఇద్దరూ, శుక్రవారం మీరొక్కరే, ఆదివారం పొద్దున ఇద్దరూ. ఆ శుక్రవారం సాయంత్రం ఆయన క్రికెట్ స్నేహితులతో గడపనివ్వండి, కాలు బాగయ్యాక బాక్స్ క్రికెట్ ఆడినా సరే. మీ ఆటని మీవారి నడకకి తగ్గించుకుంటూ పోతే ఏడాది తిరిగేసరికి మీకే విసుగు పుడుతుంది, ఆ విసుగు ఆయన మీదికి మళ్ళుతుంది.

అత్తగారి మాటని నిందగా తీసుకోకండి. తణుకు నుంచి ఆవిడకి కనిపించేది మీరు పెట్టే హోటల్ ఫొటోలే. పెసరట్టు వేసిన రోజు ఆవిడకో ఫొటో పంపండి. ఇంకా మంచిది, మీవారి చేతే ఫోన్ చేయించి పులుసు కొలతలు అడిగించండి. వండడం ఇద్దరి పనీ అని ఆవిడకి విడిగా చెప్పక్కర్లేకుండా తెలుస్తుంది. శ్రావణంలో మంగళగౌరి నోములు, పేరంటాలు, బంధువుల పిలుపులు వరుసగా వస్తాయి. మంగళవారం నోమున్న వారం ఆ ఆటని బుధవారానికి జరపండి. ఎవరింట్లోనైనా విందు తిన్న వారం, ఆ శనివారం హోటల్ ఉండదని ముందే అనుకోండి. సంక్రాంతికి కొత్త అల్లుడిగా మీవారు విజయవాడ వెళ్ళినప్పుడు మాత్రం ఈ లెక్కలేవీ అడ్డం పెట్టొద్దు, ఆ మూడు రోజులు తిననివ్వండి.

ఈ ఆదివారం కోర్టుకి మీరే వెళ్ళండి. మెట్లు దిగితే నొప్పి ఉందంటే ఆయన బ్యాట్ పట్టే వేళ ఇంకా రాలేదు. ఇంట్లో ఉండమంటే ఒప్పుకోరు కాబట్టి వెంట తీసుకెళ్ళి, గట్టు మీద కూర్చోబెట్టి పాయింట్లు లెక్కపెట్టమనండి. ఏడున్నరకి టిఫిన్ ఎక్కడో నిర్ణయించే హక్కు ఈ వారం ఆయనకే ఇచ్చేయండి.